రొమ్ము క్యాన్సర్ చివరి దశ: ఏ లక్షణానికి పరుగెత్తాలి, దేన్ని వదిలేయాలి

రొమ్ములో ఉన్న గడ్డ కంటే అది పాకిన చోటే ప్రాణం మీదికి తెస్తుంది. ఎముకలు, ఊపిరితిత్తులు, కాలేయం, మెదడు సాధారణంగా పాకే చోట్లు. అందుకే చివరి నెలల్లో ఒకరికి నడుం నొప్పి, ఇంకొకరికి ఆయాసం, మరొకరికి కామెర్లు ముందుకొస్తాయి. ఇంట్లోవాళ్లు మాత్రం అన్నిటినీ కలిపి "జబ్బు ముదిరింది" అనుకుని ఊరుకుంటారు. నిజానికి ముదిరిన జబ్బులోనూ కొన్ని లక్షణాలు మందుతో రోజుల్లో తగ్గుతాయి. మరికొన్నిటిని తగ్గించాలని పట్టుపడితే రోగికి బాధ పెరుగుతుంది.

ముందుగా, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాల్సినవి. ఎముకల్లోకి పాకిన క్యాన్సర్ వెన్నుపూసను గుల్ల చేసి, లోపలి వెన్నుపామును నొక్కవచ్చు. పడుకున్నా తగ్గని, దగ్గినా తుమ్మినా ఎక్కువయ్యే వీపు నొప్పి దీనికి తొలి గుర్తు. తర్వాత కాళ్లు తేలిపోతాయి, తిమ్మిరెక్కుతాయి, మూత్రం బిగుసుకుపోతుంది లేదా తెలియకుండా పోతుంది. వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ ఇచ్చి, ఎంఆర్ఐ తీసి, వీలైనంత త్వరగా రేడియేషన్ మొదలుపెడతారు. చికిత్స మొదలయ్యేనాటికి నడవగలుగుతున్న వాళ్లలో చాలామందికి నడక నిలుస్తుంది. కాళ్లు పూర్తిగా పడిపోయి ఒకటి రెండు రోజులు గడిస్తే తిరిగి రావడం అరుదు. "రేపు చూద్దాం" అనకూడని లక్షణం ఇది.

రెండోది రక్తంలో కాల్షియం పెరగడం. దీన్ని పోల్చుకోవడం కష్టం, ఎందుకంటే ఇది అచ్చం చివరి దశలాగే ఉంటుంది: విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వికారం, మలబద్ధకం, ఆపైన మగత, పొంతన లేని మాటలు. ఎముక కరిగి కాల్షియం రక్తంలోకి చేరడమే కారణం. ఒక్క రక్త పరీక్షతో తేలిపోతుంది. సెలైన్ ఎక్కించి, ఎముక కరగడాన్ని అడ్డుకునే జోలెడ్రోనిక్ ఆమ్లం నరం ద్వారా ఇస్తే (మామూలుగా 4 మిల్లీగ్రాములు, కనీసం 15 నిమిషాల పాటు) రెండు నాలుగు రోజుల్లో మనిషి తేరుకోవచ్చు. కిడ్నీలు దెబ్బతిని ఉంటే మోతాదు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు.

మగత వచ్చిన ప్రతిసారీ, తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్‌నే తప్పుపట్టడం పరిపాటి. మోతాదు మించినా మగత వస్తుంది, అయితే దానితోపాటు చేతులు కాళ్లు ఉలిక్కిపడ్డట్టు అదరడం, లేనివి కనబడటం ఉంటే అనుమానం బలపడుతుంది. కిడ్నీలు మందగించిన వాళ్లలో ఇది ఎక్కువ. అంతమాత్రాన మార్ఫిన్ అంటే భయపడాల్సింది లేదు. త్వరగా పనిచేసే రకాన్ని నాలుగు గంటలకోసారి వేళ తప్పకుండా ఇస్తారు, నొప్పి వచ్చాక వెతుక్కోవడం కాదు. మధ్యలో పోటు పొడిస్తే ఇచ్చే అదనపు మోతాదు రోజు మొత్తంలో ఆరో వంతు నుంచి పదో వంతు దాకా ఉంటుంది. వికారం కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. మలబద్ధకం సర్దుకోదు కాబట్టి విరేచనకారి మందు మొదటి రోజు నుంచే తోడుండాలి. దాన్ని మరిచిపోయి, కడుపు ఉబ్బాక నొప్పి మందే ఆపేయడం తరచూ జరిగే పొరపాటు.

ఆయాసానికి కారణం ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరైతే సూదితో తీయవచ్చు. ఒకేసారి లీటరున్నర మించి తీయరు. నలిగి ఉన్న ఊపిరితిత్తి ఒక్కసారిగా విచ్చుకుంటే అందులోనే నీరు చేరే ప్రమాదం ఉంది. నీరు మళ్లీ మళ్లీ పడుతుంటే ఇంట్లోనే తీసుకునేలా సన్నని గొట్టం అమరుస్తారు. క్యాన్సర్ ఊపిరితిత్తి లోపలి దారులంతా అల్లుకుంటే తీయడానికి నీరుండదు. అప్పుడు తక్కువ మోతాదు మార్ఫిన్, తల ఎత్తుగా పెట్టడం, ముఖం మీదికి చిన్న ఫ్యాన్ గాలి ఉపయోగపడతాయి. ఫ్యాన్ ఉత్తుత్తి ఓదార్పు కాదు, ముఖానికి తగిలే చల్లగాలి ఆయాసపు అనుభూతిని నిజంగానే తగ్గిస్తుంది. రక్తంలో ఆక్సిజన్ సరిపడా ఉన్నవాళ్లకు ఆక్సిజన్ సిలిండర్ అంతకు మించి చేసేదేమీ ఉండదు.

మెదడుకు పాకితే పొద్దున్నే తలనొప్పి, వాంతులు, ఫిట్స్, ఒక పక్క బలహీనత. కాలేయం నిండితే కామెర్లు, ఒళ్లంతా దురద, పొట్టలో నీరు.

రొమ్ము మీది పుండు గురించి ఎవరూ నోరు విప్పి మాట్లాడరు, రోగిని మనుషులకు దూరం చేసేది మాత్రం అదే. దుర్వాసన క్యాన్సర్‌ది కాదు, చచ్చిన కణజాలంలో గాలి లేకుండా పెరిగే బ్యాక్టీరియాది. ఆ బ్యాక్టీరియాను చంపే మెట్రోనిడజోల్ జెల్ గానీ, అదే మాత్రల పొడి గానీ పుండుపై వేస్తే కొద్ది రోజుల్లోనే వాసన తగ్గుతుంది. పొడి గాజుగుడ్డ వేయకూడదు, అది అతుక్కుని, లాగినప్పుడు రక్తం కారుతుంది. డ్రెస్సింగ్ విప్పే ముందు గోరువెచ్చని సెలైన్‌తో బాగా తడపాలి. రక్తం వస్తే మధ్యలో తీసి చూడకుండా పది నిమిషాలు నొక్కి పట్టాలి. ముదురు రంగు తువ్వాళ్లు దగ్గరుంచుకుంటే రక్తం చూసి రోగి బెదిరిపోదు.

ఇక తిండి. కుటుంబంలో గొడవలన్నీ ఇక్కడే. తినకపోవడం వల్లే చిక్కిపోతోందని అందరూ అనుకుంటారు. కానీ క్యాన్సర్ విడుదల చేయించే వాపు రసాయనాలు ఆకలిని చంపి, కండను నేరుగా కరిగిస్తాయి. ఎంత తినిపించినా ఆ కండ తిరిగి రాదు. మింగడం మందగించిన మనిషికి బలవంతంగా పెడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అడిగితే రెండు చెంచాలు, అడగకపోతే వద్దు. సెలైన్ సంగతీ అంతే. ఆఖరి రోజుల్లో కిడ్నీలు వదిలించుకోలేని నీరు కాళ్ల వాపుగా, ఛాతీలో తేమగా మిగులుతుంది. నోరు ఎండితే సెలైన్‌తో బాగవదు. రెండు గంటలకోసారి తడి దూదితో నాలుక, చిగుళ్లు తుడిచి, పెదాలకు జిడ్డు రాయాలి. నాలుకపై తెల్లపూత ఉంటే ఫంగస్ మందు ఇవ్వాలి.

ఆఖరి రోజుల్లో నిద్ర రోజంతా పరుచుకుంటుంది. మూత్రం తగ్గి ముదురు రంగుకు మారుతుంది, పాదాలు చల్లబడతాయి, మోకాళ్ల మీద ఊదా మచ్చలు పడతాయి. ఊపిరి కాసేపు వేగంగా సాగి, ఆగి, మళ్లీ మొదలవుతుంది. గొంతులో గరగర మింగలేని లాలాజలానిది. స్పృహ లేని మనిషికి అది ఉక్కిరిబిక్కిరిగా అనిపిస్తుందనడానికి ఆధారం లేదు. పక్కకు తిప్పి పడుకోబెడితే తగ్గుతుంది. లోతుగా గొట్టం పెట్టి లాగడం వల్ల బాధే ఎక్కువ. గ్లైకోపైరోలేట్ కొత్తగా ఊరే తేమను ఆపుతుంది, అప్పటికే చేరినదాన్ని తీయలేదు. అందుకే మొదలైన వెంటనే ఇవ్వాలి. కొందరు చివర్లో అస్థిమితంగా దుప్పటి లాగేస్తూ, లేవబోతుంటారు. కాళ్లూ చేతులూ పట్టి అదిమే ముందు మూత్రం బిగుసుకుందేమో, నొప్పి ఉందేమో చూడాలి. అవి కాకపోతే అస్థిమితాన్ని తగ్గించే హాలోపెరిడాల్ లాంటి మందులు పనికొస్తాయి.

మింగలేని స్థితి వచ్చేసరికి మందుల చీటీ కుదించాలి. కొలెస్ట్రాల్ మాత్రలు, విటమిన్లు, క్యాల్షియం ఆపేయవచ్చు. మార్ఫిన్ మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు. నొప్పి తిరగబెట్టడమే కాక, అలవాటుపడ్డ ఒళ్లు వణుకు, చెమటలు, విరేచనాలతో ఎదురు తిరుగుతుంది. నోటితో ఇచ్చే రోజు మోతాదులో సుమారు సగాన్ని చర్మం కింద సన్నని సూది ద్వారా ఇస్తారు. ఆ సగాన్ని చిన్న పంపుతో 24 గంటల పాటు, లేదంటే ఆరు సమభాగాలుగా చేసి నాలుగు గంటలకోసారి. ఈ మార్పుకు కావలసిన సూదులు, మందు, రాసిచ్చిన మోతాదు మింగడం పూర్తిగా ఆగకముందే ఇంట్లో ఉండేలా డాక్టరును అడగాలి, ఎందుకంటే అర్ధరాత్రి అవి ఎక్కడా దొరకవు.