కందెన గొట్టం

చిరంజీవులు కావ్యకూ చందుకూ తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన ఫొటోలు చూశాను. పక్కింటి అన్నయ్య తన కారులో పందెం కార్లకు పోసే నూనె పోయించాడనీ, పైన జింకు సీసా ఒకటి కలిపాడనీ రాశారు. డబ్బా మీద 20డబ్ల్యు-60 అని ఉంది. మీ నాన్న కారు మాన్యువల్‌లో 5డబ్ల్యు-30 అని ఉంది. "60 పెద్దది కదా తాతయ్యా, మనమూ అదే పోయిద్దామా?" అని చందు ప్రశ్న.

బస్సు డిపోలో 30 ఏళ్ళు ఇంజన్ల కింద వెల్లకిలా పడుకున్నవాణ్ణి. జవాబు ఒక్క ముక్కలో చెప్పమంటే, వద్దు. కానీ ఆ ఒక్క ముక్క మీకు చాలదని తెలుసు కనుక మా ఎడ్లబండి కథ చెబుతాను.

ఎడ్లబండి చక్రం ఇనుప ఇరుసు మీద తిరుగుతుంది. రెండింటికీ మధ్య కందెన ఉండాలి. లేకపోతే బండి ఊరంతా వినిపించేలా ఏడుస్తుంది. కందెన అంగట్లో కొనేది కాదు. మా నాన్న వరిగడ్డి కాల్చి, ఆ మసిని ఆముదంలో రంగరించి, వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడదీసేవాడు. దూర ప్రయాణమైతే దారిలో ఒకసారి చీల తీసి, చక్రం కొంచెం పక్కకు లాగి, పుల్లతో ఇరుసుకు పూసేవాడు.

నాకు పదకొండేళ్ళప్పుడు శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు బయలుదేరాం. ఎదురింటివాళ్ళ బండి కంటే ముందు చేరాలని నాకూ మా అన్నయ్యకూ పట్టుదల. నల్లగా జిగురుగా ఉండే ఆ కందెన చక్రాన్ని పట్టుకుని ఆపుతోందని మా లెక్క. రాత్రికి రాత్రి ఇరుసు శుభ్రంగా తుడిచేసి, వంటింట్లోంచి నువ్వుల నూనె తెచ్చి పూశాం. పొద్దున్నే బండి గాలిలా పోయింది! రెండు మైళ్ళు. ఆ తర్వాత కీచుమంది, తర్వాత కమురు వాసన, తర్వాత అందరం దిగి నడక. ఎదురింటివాళ్ళు మమ్మల్ని దాటిపోతూ చెరకు ముక్కలు నములుతున్నారు. అది ఇప్పటికీ మరిచిపోలేదు.

నాన్న కొట్టలేదు. చక్రం ఊడదీసి, ఇరుసు మీద పడిన గీతలు వేలితో తడిమి చూపించాడు. "బండికి కావలసింది పూశారా, మీకు కావలసింది పూశారా?" అన్నాడు, అంతే.

పక్కింటి అన్నయ్య చేసిందీ అదే పొరపాటు, కాకపోతే తిరగేసి. మేము మరీ పలుచనిది పూశాం, అతను మరీ చిక్కనిది పోశాడు. ఇంజన్లో తిరిగే ఇరుసుకూ దాని చుట్టూ ఉన్న బేరింగుకూ మధ్య సందు వెంట్రుక మందం కంటే తక్కువ. ఆ సందులో పట్టే నూనె ఇంత చిక్కగా ఉండాలని ఇంజను గీసినవాళ్ళు ముందే లెక్క వేసుకుంటారు. అంతకంటే చిక్కనిది పోస్తే పొద్దున స్టార్ట్ చేయగానే పైదాకా చేరడానికి ఆలస్యం చేస్తుంది. ఆ కాసేపు ఇనుము ఇనుమును రాసుకుంటుంది. నూనె పంపు బరువు లాగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

ఇక అంకెల సంగతి. మార్గశిర మాసం చలిలో మా కందెన లేహ్యంలా బిగుసుకుపోయేది, మొదటి పది గజాలు ఎడ్లు మెడలు వంచి లాగేవి. అదే కందెన వైశాఖంలో కరిగి దారి పొడుగునా చుక్కలు పెట్టుకుంటూ పోయేది. ఇంజన్ నూనెకూ ఇదే కష్టం. అమెరికాలో మోటారు ఇంజనీర్ల సంఘం 1911లోనే నూనెల చిక్కదనానికి అంకెలు కట్టింది. ఇప్పుడు డబ్బా మీద రెండు అంకెలు ఉంటాయి. డబ్ల్యు అంటే వెయిట్ అనుకుంటారు చాలామంది, మా డిపోలో కూడా అలాగే అనేవారు. అది వింటర్, అంటే చలికాలం. 5డబ్ల్యు నూనెను మైనస్ 30 డిగ్రీల చలిలో, 20డబ్ల్యు నూనెను మైనస్ 15లో ఇంజన్ తిరగనిస్తుందో లేదో పరీక్షిస్తారు. రెండో అంకెకు నూనెను 100 డిగ్రీల దాకా వేడి చేసి చిక్కదనం కొలుస్తారు. అక్కడ 30 కంటే 60 దాదాపు రెండింతలు చిక్కన.

"హైదరాబాదులో మైనస్ 30 ఎక్కడిది తాతయ్యా?" అంటుంది కావ్య. లేదమ్మా. కానీ మీ జనవరి పొద్దు కూడా ఇంజనుకు చలే. 100 డిగ్రీల దగ్గర చారులా పారే నూనె అప్పుడు తేనెలా కదులుతుంది.

ఒకే నూనె చలిలో పలుచగా, వేడిలో చిక్కగా ఎలా నటిస్తుందని అడుగుతారేమో. అందులో పొడుగాటి అణువులు కలుపుతారు. అవి చలిలో పిల్లిలా ముడుచుకుని పడుకుంటాయి, వేడి తగిలితే కాళ్ళు చాపుకుంటాయి. కాళ్ళు చాపినప్పుడు నూనె మరీ పలుచబడకుండా అడ్డుపడతాయి. మా కందెనకు ఈ విద్య రాదని ఒప్పుకోవాలి.

జింకు విషయానికి వస్తే మాత్రం మళ్ళీ కందెన దగ్గరికే పోదాం. నాన్న మసి ఎందుకు కలిపేవాడు? బరువుకు ఆముదం పక్కకు నెట్టుకుపోయినా మసి మధ్యలో మిగిలి ఇరుసును కాపాడేది. నూనెలో కలిపే జింకు మందు పనీ అలాంటిదే. జింకు, ఫాస్ఫరస్, గంధకం కలిసిన ఆ మందు లోహం మీద గాజుపూతలాంటి పొర కడుతుంది. అంబాసిడర్ లాంటి పాత ఇంజన్లలో కవాటాలను తెరిచే కామ్ అంచు కింద, అది నొక్కే ట్యాపెట్ ముఖం జారుతూ రాసుకుంటుంది, వాటికి జింకు కాస్త ఎక్కువే కావాలి. ఇప్పటి ఇంజన్లలో చాలావాటికి అక్కడ చిన్న రోలర్లు ఉంటాయి, అంత అవసరం లేదు. పైగా ఫాస్ఫరస్ కొద్దికొద్దిగా పొగతో పాటు బయటికి పోతూ, పొగ గొట్టంలో విషవాయువులను విరిచే కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. అందుకే 2004 నుంచి మామూలు కార్లకు వాడే పలుచటి గ్రేడు నూనెల్లో ఫాస్ఫరస్ 0.08 శాతానికి మించకూడదని కట్టడి పెట్టారు. పందెం నూనెల్లో చాలావాటికి ఈ కట్టడి ఉండదు. మంచి నూనెలో జింకు, మురికి పట్టే మందు, తుప్పు ఆపే మందు అన్నీ లెక్క ప్రకారం ముందే కలిపి ఉంటాయి. ఉప్పు సరిపోయిన పప్పులో ఎవరైనా మళ్ళీ గుప్పెడు వేస్తారా? ఆ సీసా అమ్మినవాడు తన కారులో పోసుకుంటాడో లేదో అన్నయ్యను కనుక్కోమనండి.

పందెం నూనె చెడ్డదని మాత్రం అనను. పందెం ఇంజన్లో సందులు వదులుగా ఉంచుతారు, వేడి విపరీతం, పందెం కాగానే నూనె పారబోస్తారు, ఇంజను విప్పి తుడుస్తారు. మురికిని పట్టి ఉంచే మందు దానికి పెద్దగా అక్కర్లేదు. మీ నాన్న కారు బతుకు వేరు. బడికి రెండు కిలోమీటర్లు, కూరగాయలకు ఒకటి, మిగతాదంతా సిగ్నళ్ళ దగ్గర. నూనె సరిగా కాగకముందే ఆగిపోతుంది. తేమా, కాలని పెట్రోలూ, మసీ నూనెలో చేరతాయి. వాటిని అడుగుకు దిగనీయకుండా నెలల తరబడి మోయాలి. నూనె నల్లబడితే చెడిపోయిందని కంగారుపడతారు. మురికిని మోస్తోందని అర్థం, దాని పని అదే.

పందెం అంటే చిక్కన అనుకోవడమూ పొరపాటే. అమెరికా స్టాక్ కారు పందేల్లో ఎవరు ముందు వరుసలో నిలబడాలో తేల్చే రెండు మూడు చుట్లకు నీళ్ళలాంటి నూనె పోసేవారు. మా రెండు మైళ్ళ బండిలాగా! 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగెత్తిన పందెం కార్లకైతే ఇంజన్ నూనె గొడవే లేదు, అవి కరెంటువి.

అసలు నాకు ఆశ్చర్యమనిపించేది వేరే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కొన్ని విమానాలకు ఇంజను మొత్తం పంకాలా గిరగిరా తిరిగేది. అందులో పెట్రోలు, నూనె ఒకే దారిన పోవాలి. భూమిలోంచి తీసిన నూనెను పెట్రోలు కడిగేస్తుంది. పెట్రోలుతో తేలిగ్గా కలవని నూనె ఏదని వెతికితే దొరికింది మన ఆముదమే! తొలినాళ్ళ పందెం కార్లూ ఆముదం తాగాయి. 1909లో ఇంగ్లండులో కాస్ట్రాల్ అని పేరు పెట్టారంటే అందులో ఉన్నది కాస్టర్, అంటే ఆముదమే. ఇంజను చిమ్మిన ఆముదం పొగ పీల్చి పైలట్లకు కడుపు జారేదని చెప్పుకుంటారు. మా అమ్మమ్మ చెంచా పట్టుకుని వెంటపడిన రోజులు గుర్తొచ్చి, ఆ పైలట్ల మీద నాకు జాలి వేస్తుంది. మరి ఇప్పుడు రోజూ తిరిగే కార్లలో ఆముదం ఎందుకు పోయరు? ఆముదపు దీపం వెలిగించిన ప్రమిద అడుగున మిగిలే జిగురు చూస్తే తెలుస్తుంది.

ఆదివారం పొద్దున, కారు స్టార్ట్ చేయకముందే, నాన్నతో బానెట్ తెరిపించండి. డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్ళీ ముంచి, రెండు గుర్తుల మధ్య నూనె ఎక్కడిదాకా ఉందో చూడండి. ఒక చుక్క వేళ్ళ మధ్య రుద్దండి. ఊరు తిరిగి వచ్చాక ఒక ఐదు నిమిషాలు ఆగి, ఈసారి నాన్నతోనే తీయించండి, వేడిగా ఉంటుంది. చుక్క ఎలా జారుతుందో చూడండి. తర్వాత నూనె డబ్బా వెనక వైపు తిప్పండి. మంచి డబ్బాల మీద గారెలాంటి గుండ్రటి ముద్ర ఉంటుంది. గారె చిల్లులో మీ 5డబ్ల్యు-30 కనబడుతుంది, పై అంచున నూనె ఏ ప్రమాణానికి సరిపోతుందో చెప్పే ఎస్ఎన్ అనో ఎస్‌పీ అనో అక్షరాలు ఉంటాయి. అన్నయ్య డబ్బా మీద ఆ గారె ఉందేమో కూడా చూసి రాయండి.

మీ కాలనీ చివర ఖాళీ స్థలంలో ఆముదపు చెట్లు ఉండాలి, ఎర్రటి కాడలు, చెయ్యి చాపినట్టుండే ఆకులు. గింజలు చూడండి కానీ నోట్లో పెట్టకండి, విషం. సంక్రాంతికి వచ్చినప్పుడు వరిగడ్డి నేను కాలుస్తాను, ఆముదం కొని ఉంచుతాను, గొట్టం మీరే నింపుదురు గాని. గీతలు పడ్డ ఆ ఇరుసు ఇంకా మన పెరట్లో, సన్నజాజి పందిరి కింద ఉంది.

మీ తాతయ్య