చంద్రుడి మీద వేరుశనగ బస్తా బరువెంత?

అనంతపురం మార్కెట్ యార్డులో స్ప్రింగ్ కాటాకు వేలాడదీసినప్పుడు 42 కిలోలు చూపిన వేరుశనగ బస్తాను, అదే కాటాతో సహా చంద్రుడి మీదికి చేర్చగలిగితే ముల్లు 7 కిలోల దగ్గరే ఆగిపోతుంది. అయినా బస్తాలో ఒక్క గింజ కూడా తగ్గదు. అక్కడే త్రాసు కట్టి, ఒక పళ్లెంలో బస్తాను, రెండో పళ్లెంలో తూకపురాళ్లను ఉంచితే మళ్లీ 42 కిలోలే తూగుతుంది, ఎందుకంటే చంద్రుడు రాళ్లను, బస్తాను ఒకే నిష్పత్తిలో తక్కువగా లాగుతాడు. స్ప్రింగ్ కాటా చూపేది బరువును. త్రాసు పోల్చేది ద్రవ్యరాశిని.

చంద్రుడి మీద బరువు ఆరో వంతే ఎందుకు కావాలి? చంద్రుడి ద్రవ్యరాశి భూమి ద్రవ్యరాశిలో 81వ వంతు మాత్రమే కనుక ఆకర్షణ కూడా 81వ వంతే ఉండాలనిపించడం సహజం. అయితే న్యూటన్ సూత్రం ప్రకారం ఆకర్షణ ద్రవ్యరాశితో పాటు కేంద్రం నుంచి దూరంపైన కూడా ఆధారపడుతుంది. దూరం సగమైతే ఆకర్షణ నాలుగు రెట్లవుతుంది. భూమి మీద నిలబడినవారు కేంద్రానికి 6,371 కిలోమీటర్ల దూరంలో ఉంటే, చంద్రుడి మీద నిలబడినవారు 1,737 కిలోమీటర్ల దూరంలోనే ఉంటారు, అంటే దూరం 3.67 రెట్లు తక్కువ. ఆ సంఖ్య వర్గం దాదాపు 13.5. 81ని 13.5తో భాగిస్తే వచ్చేది 6. ఇంత చిన్న లెక్కలో ఇంత పెద్ద సంగతి తేలడం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది.

త్వరణంగా చెబితే భూమి మీద సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు, చంద్రుడి మీద 1.62 మీటర్లు. గండికోట లోయ అంచు నుంచి ఒక రాయి 90 మీటర్ల లోతుకు పడుతుందనుకుందాం. గాలి నిరోధాన్ని పక్కన పెడితే దానికి పట్టే కాలం 4.3 సెకన్లు, చంద్రుడి మీద అంతే లోతుకు పడడానికి సుమారు 10.5 సెకన్లు పడుతుంది. ఆకర్షణ ఆరో వంతైనా కాలం ఆరు రెట్లు కాలేదు, ఎందుకంటే పతన కాలం త్వరణం వర్గమూలాన్ని బట్టి మారుతుంది. చంద్రుడి మీద గాలి దాదాపు లేదు కాబట్టి ఈకైనా అదే వేగంతో పడుతుంది. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ సుత్తిని, ఈకను ఒకేసారి వదిలినప్పుడు రెండూ కలిసే నేలను తాకాయి.

బరువు తగ్గినంత మాత్రాన కదలిక సులువవుతుందనుకోకూడదు. జడత్వం, అంటే కదలికలో మార్పును వస్తువు అడ్డుకునే గుణం, ద్రవ్యరాశిని బట్టి ఉంటుంది కనుక, ఆ బస్తాను భుజాన వేసుకుని పరుగెత్తేవారు ఆగాలంటే ఇక్కడ ఎంత బలం కావాలో అక్కడా అంతే కావాలి. పాదాలకు నేలపై పట్టు మాత్రం ఆరో వంతే దొరుకుతుంది.

పైగా చంద్రుడి ఆకర్షణ అంతటా ఒకేలా లేదు. కొన్ని విశాలమైన లోతట్టు ప్రాంతాల అడుగున సాంద్రత ఎక్కువగా ఉన్న శిల పేరుకుని ఉండడం వల్ల అక్కడ లాగుడు కాస్త ఎక్కువ. తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాల కక్ష్యలను ఈ హెచ్చుతగ్గులు క్రమంగా చెదరగొడతాయి. 1972 ఏప్రిల్‌లో అపోలో 16 వదిలిన చిన్న ఉపగ్రహం ఆ కారణంగానే ఐదు వారాలకు చంద్రుడి నేలపై కూలిపోయింది.