లెక్క పెరిగింది సరే, మారిందేమిటి?

ఆదివారం పొద్దున్నే బెంగళూరులో సర్జాపుర రోడ్డు పక్కనున్న కైకొండ్రహళ్లి చెరువు గట్టు మీద మారతహళ్లి, కె.ఆర్. పురం తెలుగువాళ్లు ఫోన్‌లో పక్షుల జాబితా రాసుకుంటూ కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఏడాది చివర, మామూలు జనమే పక్షుల్ని లెక్కపెట్టి, నీళ్లు పరీక్షించే ఇలాంటి కార్యక్రమాల నివేదికలు తిరగేస్తే ఎంతమంది వచ్చారు, ఎన్ని జాబితాలు పంపారు అన్నవే ఉంటాయి. చెరువుకు, వచ్చినవాళ్లకు ఏం ఒరిగిందో ఉండదు. ఈ లోటు పాతదే.

1900లో అమెరికాలో ఫ్రాంక్ చాప్‌మన్ క్రిస్మస్ వేటకు బదులు పక్షుల లెక్కింపు పెట్టినప్పుడు 27 మంది పాల్గొన్నారు. అప్పట్నుంచీ తలల లెక్కే కొలమానమైంది, ఎందుకంటే దాన్ని తీయడం తేలిక. 2002లో పక్షుల జాబితాలు ఆన్‌లైన్‌లో పంపే ఈబర్డ్ వచ్చింది. 2007లో బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్ నుంచి, వలస పక్షుల రాకను జనంతో నమోదు చేయించే మైగ్రెంట్‌వాచ్ మొదలైంది. 2023 నాటి భారత పక్షుల స్థితి నివేదిక సుమారు 30,000 మంది పంపిన 3 కోట్ల పరిశీలనల మీద నిలబడింది.

శాస్త్రానికి ఒనగూరేది కొలవడంలో మొదటి చిక్కు, చూసేవాళ్లు పెట్టే శ్రమ ఏటా ఒకేలా ఉండకపోవడం. నిరుడు ఐదుగురు, ఈ ఏడు నలభై మంది చూస్తే గూడబాతులు పెరిగినట్టే కనిపిస్తాయి. అందుకే తలల సంఖ్య పక్కనబెట్టి, నూరు పూర్తి జాబితాల్లో ఎన్నింట్లో ఆ పక్షి ఉందో చూస్తారు. గుర్తుపట్టిన ప్రతి పక్షినీ రాస్తేనే జాబితా పూర్తి అయినట్టు. కాకిని వదిలేస్తే లెక్క చెడుతుంది.

నీటి పరీక్షల్లో తప్పు ఇంకా లోతున దాగుంటుంది. పాచి పట్టిన చెరువులో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున అడుగంటి, ఎండ పడ్డాక మధ్యాహ్నానికి ఎగబాకుతుంది. మొదటి నెల ఏడింటికి, ఆరో నెల మూడింటికి కొలిస్తే చెరువు బాగుపడ్డట్టు కాగితం మీద తేలుతుంది. చోటు, గంట మారకూడదు. పదింట ఒక నమూనా ల్యాబ్‌కూ వెళ్లాలి.

మనుషుల్లో మార్పు కొలవడం అన్నిటికన్నా కష్టం. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ల పక్షి గూళ్ల పెట్టెల ప్రాజెక్టు మీద 2005లో వచ్చిన అధ్యయనంలో పాల్గొన్నవాళ్లకు పక్షుల గురించి తెలిసింది పెరిగింది. సైన్సు, పర్యావరణం పట్ల వైఖరిలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. ఇష్టంతో వచ్చేవాళ్లకు మొదటి రోజే మార్కులు నిండుగా ఉంటాయి, ఇక పెరగడానికి చోటేది? కాబట్టి తొలి నడకకు ముందే ప్రశ్నపత్రం ఇవ్వాలి. ఆరు నెలల తర్వాత అదే మనుషులకు, అదే కోడ్ నంబరుతో మళ్లీ ఇవ్వాలి. చేరాలని పేరిచ్చి ఇంకా చేరనివాళ్లతో పోల్చాలి. మధ్యలో మానేసినవాళ్లకు ఫోన్ చేసి రెండు ప్రశ్నలైనా అడగకపోతే, మిగిలిన ఉత్సాహవంతుల జవాబులే అందరివీ అనుకుంటాం. "చెరువులో చెత్త వేస్తారా?" అని అడిగితే వేయమనే అంటారు. దానికన్నా పది ఫొటోలిచ్చి చిన్న నీటికాకిని గుర్తుపట్టమనడం మేలు.

పాలనలో మార్పు ఎవరి ఖాతాలో రాయాలన్నది ఇప్పటికీ తేలని తగువు. 2017లో బెళ్లందూరు చెరువు మీద మంటలు లేచాక జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) కేసు చేపట్టింది. ఆ తర్వాత మురుగు విషయంలో జరిగిన ఏ పనినైనా కోర్టుకు, పత్రికలకు, స్థానికుల ఒత్తిడికి విడదీసి పంచలేం. చేయగలిగిందొకటే: పంపిన ప్రతి కొలతకు, ఫిర్యాదుకు, వచ్చిన జవాబుకు తేదీ వేసి ఒకే రిజిస్టర్‌లో ఉంచడం. కాలువ మళ్లించమన్న ఉత్తర్వులో వాలంటీర్ల అంకె కనిపిస్తే, ఆ మేరకు వాళ్ల వాటా అని చూపొచ్చు.