డ్రిప్పు, నీటికుంట, పచ్చిరొట్ట: సబ్సిడీ మీద అపోహలు, వాస్తవాలు

విశాఖ జిల్లాలో ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు సబ్సిడీ ఆగిన దరఖాస్తు గురించి అడిగితే 'మనకి సిఫార్సు లేదండీ' అంటారు. చాలావాటికి అసలు కారణం మంజూరు కాగితం కన్నా ముందు గొయ్యి తవ్వేయడం.

అపోహ: ముందు పైపులు వేసేసుకుంటే డబ్బు తరవాత వస్తుంది.

రాదు. వరస ఇదీ: రైతు సేవా కేంద్రంలో దరఖాస్తు, పొలం సర్వే, డిజైను, రైతు వాటా కట్టడం, మంజూరు, బిగింపు, నీళ్ళు వదిలి తనిఖీ. మంజూరుకు ముందే దింపిన సామానుకు సబ్సిడీ అడిగే దారి లేదు. పాస్‌పుస్తకం, ఆధార్, బ్యాంకు ఖాతా మూడింట్లోనూ పేరు ఒకేలా ఉండాలి. బోరు అన్నదమ్ముల సర్వే నంబరులో ఉంటే నీళ్ళిస్తామని వాళ్ళ సమ్మతి పత్రం ముందే జతచేయండి. కౌలు భూమికైతే కనీసం 7 ఏళ్ళ ఒప్పందం కావాలి.

అపోహ: 90 శాతం సబ్సిడీ అంటే బిల్లులో 90 శాతం.

లెక్క బిల్లు మీద కాదు, సాళ్ళ దూరాన్ని, విస్తీర్ణాన్ని బట్టి ప్రభుత్వం ఖరారు చేసిన యూనిట్ ధర మీద. కేంద్ర పథకంలో సన్న, చిన్నకారు రైతుకు అందులో 55 శాతం, మిగతావారికి 45 శాతం. ఆ పైది రాష్ట్రం కలిపేది. బోరు దూరమై పడే అదనపు మెయిన్ లైను మీ ఖర్చే. సంతకం పెట్టే ముందు డిజైను కాగితంలో లేటరల్ (సాళ్ళ వెంట పరిచే సన్న పైపు) మీటర్లు చూడండి. ఎకరా కూరగాయలకి 4 అడుగుల సాళ్ళయితే సుమారు 3,300 మీటర్లు కావాలి. 2,500 అని రాసి ఉంటే ఎక్కడో సాళ్ళు తగ్గించారన్నమాట.

అపోహ: సబ్సిడీ డ్రిప్పు రెండేళ్ళకే మూలన పడుతుంది.

ఇది బాధ కలిగించే మాట, ఎందుకంటే అదే భూమికి మళ్ళీ సబ్సిడీ 7 ఏళ్ళ దాకా రాదు. పాడయ్యేది పైపు కాదు, ఫిల్టరు కడగకపోవడం వల్ల నీటిబొట్లు వదిలే డ్రిప్పరు. ఫిల్టరుకి ముందూ వెనకా ఉన్న పీడనం గేజీల్లో తేడా అర కిలో దాటితే వెంటనే కడగాలి. వారానికోసారి లేటరల్ చివరి మూత తీయండి. మొదట తుప్పు రంగు నీళ్ళు, జిగురు తునకలు వస్తాయి, తేటపడేవరకూ వదలండి. ఇనుము, సున్నం పేరుకుంటే ఆమ్లం, పాచికి క్లోరిన్. రెండూ ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది. ఆమ్లాన్ని నీళ్ళలో పోయాలి, ఆమ్లంలో నీళ్ళు పోయకూడదు.

అపోహ: నీటికుంటకి భూమి దండగ.

10 మీటర్ల చదరానికి పోయేది రెండున్నర సెంట్లు, గట్టుతో కలిపి ఐదు. ఉపాధి పథకం కింద తవ్వితే కూలి భారం రైతుది కాదు, జాబ్ కార్డు ఉండాలి. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల్లో వాన కోసిన లోయలు చూసినవారికి మన ఎర్ర ఇసుక నేల ఎంత తేలిగ్గా జారుతుందో చెప్పక్కర్లేదు. నిట్టనిలువుగా తవ్విన కుంట మొదటి తుపానుకే పూడుతుంది. లోతు 2 మీటర్లు, మీటరు లోతుకి మీటరున్నర వాలు పెడితే అడుగు 4 మీటర్ల చదరం మిగులుతుంది. ఒకసారి నిండితే లక్ష లీటర్ల పైన. తవ్విన మట్టి అంచుకి మీటరు ఎడంగా పోయండి. నీళ్ళు దిగేచోట ఒండ్రు ఆపే చిన్న గుంట, రాతి పరుపు. పొంగిన నీరు గెడ్డ (వాగు) వైపు పోయే దారి. పొలం మెరకన తవ్వితే ఎండిన గొయ్యే మిగులుతుంది.

అపోహ: సబ్సిడీ పచ్చిరొట్ట విత్తనం చల్లితే వరి పసుపెక్కుతుంది.

విత్తనం తప్పు కాదు, ఆలస్యం తప్పు. పొలంలోనే పెంచి ఎరువుగా దున్నేసే జీలుగ ఎకరాకి 10 నుంచి 12 కిలోలు తొలకరికే చల్లి, 45 రోజులకి, పూత మొదలవుతుండగా కలియదున్నాలి. కాడ విరిస్తే పుటుక్కున విరగాలి. నారలా సాగిందంటే ముదిరిపోయింది. అది కుళ్ళడానికి నేలలో నత్రజనినే వాడుకుంటుంది, నాటిన వరి అందుకే పాలిపోతుంది. అలా ముదిరితే దున్నాక వెంటనే నాట్లు వేయకుండా నీళ్ళు కట్టి రెండు వారాలు మగ్గనివ్వండి.