తొడుక్కునే కంచు ముఖాలు

చిన్నారులకు ఆశీస్సులు.

వరలక్ష్మీ వ్రతం నాడు కలశానికి వెండి ముఖం కట్టడం మీరు చూసే ఉంటారు. అది పీట మీద కూర్చుని పూజలందుకుంటుంది. లోహపు ముఖాన్ని మనిషి తొడుక్కుని ఆడే చోటు ఒకటుంది, దాని గురించి రాస్తున్నాను.

ఉడుపి, మంగళూరు నుంచి కాసరగోడు దాకా తుళు మాట్లాడే సీమ. వానలు వెళ్లాక అక్కడి ఊళ్లలో రాత్రంతా భూతకోల అనే పూజా నృత్యం జరుగుతుంది. భూతాలంటే అక్కడ ఊరినీ పైరునూ కాచే దైవాలు. వాటిలో నాకు బాగా ఇష్టం పంజుర్లి, అడవిపంది రూపం. పార్వతి ముచ్చటపడి పెంచుకున్న పంది శివుడి తోటంతా కుళ్లగించిందట. ఆయన కోపంతో చంపేశాడు. అమ్మ దుఃఖం చూడలేక మళ్లీ బతికించి, భూమ్మీదికి పోయి జనాన్ని కాపాడమని పంపాడట. ఈ కథను పాడ్దన అనే తుళు పాటగా పాడతారు. పైరును తవ్విపోసే జంతువునే పైరుకు కాపలా పెట్టడం ఎంత గొప్ప ఊహ!

ఆ ముఖాన్ని కంచుతోనో ఇత్తడితోనో పోస్తారు. ముందు మట్టిముద్ద చేసి ఆరబెట్టి, దాని మీద తేనెమైనం పరుస్తారు. కోరలు, చెవులు, మిడిగుడ్లు అన్నీ మైనంలోనే దిద్దాలి. మైనం ఎంత మందమో రేపు లోహం అంత మందం, కాబట్టి పల్చగా పరచడంలోనే ఉంది పనితనమంతా. మైనం మీద వేలిముద్ర పడిందా, కంచు మీదా అదే తేలుతుంది. పైన మెత్తటి మట్టి పూసి, ఆపైన ముతక మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగి కారిపోయిన ఖాళీలోకి కరిగిన లోహం పోసి, చల్లారాక మట్టి పగలగొడతారు. మూస ఒక్క ముఖానికే పనికొస్తుంది. మన ఆదిలాబాద్‌లో ఓజా పనివాళ్లు డోక్రా అనే లోహపు బొమ్మలు పోసేదీ మైనంతోనే. 2018లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కళ్లు, కోరలు అంత పెద్దవి ఎందుకంటే, చూసేవాళ్లు దూరంగా, చీకట్లో ఉంటారు. తల తిప్పినప్పుడల్లా దివిటీల వెలుగు కంచు మీద జారి, కదలని ముఖమే కోపం తెచ్చుకున్నట్టు, శాంతించినట్టు కనిపిస్తుంది.

తొడుక్కునేది నలికె, పంబద, పరవ కులాలవాళ్లు. ఊళ్లో వాళ్లను తక్కువగా చూశారు. కోల జరిగే రాత్రి మాత్రం ముఖం తొడుక్కున్న మనిషినే దైవంగా ఎంచి, భూస్వామి కూడా చేతులు కట్టుకుని ఆ దైవం ముందు నిలబడి తగవులు చెప్పుకుంటాడు, ఇచ్చిన తీర్పు వింటాడు. ఈ సంగతి మీరు తప్పక తెలుసుకోవాలి.

హిమాచల్‌లోని కుల్లూలో తీరు వేరు. మోహ్రాలనే లోహపు ముఖాలను ఎవరూ తొడుక్కోరు, రథమని పిలిచే పల్లకీకి కట్టి భుజాల మీద మోస్తారు. విజయదశమి నాడు మొదలయ్యే అక్కడి దసరాకు లోయలోని దేవతలు అలా తరలివస్తారు.

మ్యూజియంలో ఇలాంటి ముఖం కనిపిస్తే, అది ఏ దైవానిదో, దాన్ని ఎవరు తొడిగేవారో చీటీలో రాశారా చూడండి. రాయకపోతే అక్కడివాళ్లను అడగండి.

మీ తాతయ్య