స్కానింగ్‌కి వచ్చే ముందు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో 14 ఏళ్లుగా సీటీ, ఎంఆర్‌ఐ తీసే పనిలో ఉన్నాను. రోజూ వినే అపోహల్లో నాకు ఎక్కువ భయం పుట్టించేది ఇది.

అపోహ: పరగడుపున రమ్మంటే మంచినీళ్లు కూడా ముట్టకూడదు.

కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచి చీకటితోనే బయలుదేరి, వంద కిలోమీటర్లకు పైగా బస్సులో వస్తారు. మే నెలలో ఒక మామ్మ వచ్చింది. "రాత్రి నుంచి చుక్క నీరు ముట్టలేదు బాబూ" అంది. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. ఆవిడకి రాసింది కాంట్రాస్ట్ సీటీ. నరంలోకి అయోడిన్ మందు ఎక్కించి తీస్తారు. ఆ మందు మళ్లీ బయటికి పోవాల్సింది కిడ్నీల నుంచే. ఆ ఊళ్లున్న ఉద్దానం ప్రాంతంలో ఎంతోమందికి కిడ్నీ జబ్బు ఉన్న సంగతి తెలిసిందే. అక్కడి మనిషి ఒంట్లో నీళ్లు లేకుండా వచ్చి ఈ మందు ఎక్కించుకుంటే, ముందే నీరసించిన కిడ్నీ ఇంకా దెబ్బతినొచ్చు. ఆరోజు స్కాన్ ఆపి, డాక్టర్‌తో మాట్లాడాకే మొదలుపెట్టాం.

వాస్తవం: మామూలుగా ఆపమనేది అన్నం, టిఫిన్, పాలు, టీ. మంచినీళ్లు తాగొచ్చు. మత్తిచ్చి చేసే స్కాన్ అయితే నీళ్లు ఎప్పుడు ఆపాలో విడిగా చెబుతాం. డయాలసిస్ మీద ఉండి నీళ్లు కొలిచి తాగేవాళ్లు తమ డాక్టర్ చెప్పిన లెక్క దాటొద్దు. బీపీ మాత్ర మానేసి రావద్దు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ సంగతి ముందురోజే అడగండి. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి మెట్‌ఫార్మిన్ కొన్నాళ్లు ఆపాల్సి రావచ్చు.

అపోహ: క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) 1.4 అంటే కొంచెమే ఎక్కువ, చెప్పక్కర్లేదు.

65 ఏళ్ల ఆడమనిషికి 1.4 ఉందంటే కిడ్నీల వడపోత నిమిషానికి సుమారు 40 మిల్లీలీటర్ల దగ్గరికి పడిపోయిందన్నమాట. వయసులో ఉన్న ఆరోగ్యవంతులకి అది 100 అటూ ఇటూ ఉంటుంది. చెబితే స్కాన్ చెయ్యరేమోనని చాలామంది దాస్తారు. దయచేసి దాచకండి. చెబితే మందు లేకుండా తీయొచ్చా, అల్ట్రాసౌండ్ సరిపోతుందా అని రేడియాలజిస్ట్ ఆలోచిస్తారు. రిపోర్టు, వాడే మాత్రలు, ఒళ్లు నొప్పులకి వేసుకునే మాత్రలతో సహా సంచిలో పెట్టుకుని తెండి. ఇంతకుముందు కాంట్రాస్ట్ మందుకి దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే అది అన్నిటికంటే ముందు చెప్పాలి.

అపోహ: ఏ స్కాన్ అయినా రేడియేషనే.

కాదు. అల్ట్రాసౌండ్ శబ్ద తరంగాలతో, ఎంఆర్‌ఐ అయస్కాంతంతో, రేడియో తరంగాలతో పనిచేస్తాయి. హాని చేయగల రేడియేషన్ ఉండేది ఎక్స్‌రే, సీటీ లాంటివాటిలో. ఛాతీ ఎక్స్‌రేలో తగిలేది సుమారు 0.1 మిల్లీసీవర్ట్, ప్రకృతి నుంచి పది రోజుల్లో మనకి ఎలాగూ తగిలేంత. పొట్ట సీటీలో దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే అవసరమైతే భయపడకుండా తీయించుకోండి, ఊరికే చెకప్‌కి అడక్కండి. నెల తప్పి ఉంటే ముందే చెప్పండి.

పొట్ట అల్ట్రాసౌండ్‌కి తిండి మానమనేది పిత్తాశయం నిండుగా కనబడాలని. గర్భసంచి, ప్రోస్టేట్ చూడాలంటే నీళ్లు తాగి, మూత్రం ఆపుకుని ఉండాలి.

అపోహ: బంగారం అయస్కాంతానికి అంటుకోదు కదా, ఎంఆర్‌ఐకి పుస్తెలతాడు ఎందుకు తియ్యాలి?

బంగారం అంటుకోదు నిజమే. కానీ ఆ తాడుకి నాలుగు పిన్నీసులు వేలాడుతుంటాయి. అవి ఇనుము. మిషన్ చప్పుడు చెయ్యకపోయినా అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. లోపలికి వెళ్తే పిన్నీసు బాణంలా ఎగురుతుంది. పైగా గొలుసు దగ్గరుంటే మెడ బొమ్మలు చెడిపోతాయి, వేడెక్కే ప్రమాదమూ ఉంది. మెడ బోసిగా ఉండకూడదని బాధపడే అమ్మలకి నేను చెప్పేది ఒకటే: పసుపుకొమ్ము కట్టిన నూలు పసుపుతాడు వేసుకుని రండి, దాన్ని నేను తియ్యమనను. పేస్‌మేకర్, చెవి మిషన్, ఎప్పుడో వేసిన రాడ్లు ఏవున్నా చెప్పండి, ఆపరేషన్ కాగితాలు తెండి. లోపల ఊపిరాడనట్టు అనిపిస్తుందని టెన్షన్ పడేవాళ్ల చేతిలో ఒక రబ్బరు బంతి పెడతాం. నొక్కితే మాకు బెల్లు మోగుతుంది, ఆపేసి బయటికి తీసుకొస్తాం.