కౌన్సెలర్ చేతిలో లేని ఫెలోషిప్

క్యాంపస్‌లలో వివక్షపై యూజీసీ 2026 జనవరి 13న నోటిఫై చేసిన నిబంధనలను సుప్రీంకోర్టు అదే నెల 29న నిలిపివేసింది. దాంతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పేరు మళ్లీ వినిపిస్తోంది. అక్కడి పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల 2016 జనవరిలో ఆత్మహత్య చేసుకున్న సంగతి అందరికీ తెలుసు. అసలు చూడాల్సింది అంతకు ముందటి ఆరేడు నెలలు.

ఆయనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ 1.75 లక్షల రూపాయలు ఆగిపోయాయి. కాగితాల జాప్యమేనని వర్సిటీ చెప్పింది. 2015 డిసెంబరులో ఆయనతో సహా ఐదుగురు దళిత పరిశోధకులకు హాస్టల్‌లోకీ పరిపాలనా భవనంలోకీ ప్రవేశం బంద్ అయింది. జనవరి మొదట్లో గదులు ఖాళీ చేయించారు. టెంటు వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. ఒక మరణానికి ఒకే కారణం చెప్పలేం. కానీ డబ్బు, గది, నలుగురిలో చోటు ఒక్కసారే పోతే నిద్ర చెడుతుంది, చదువు సాగదు, ఎవరినీ నమ్మలేని స్థితి వస్తుంది. ఆ మరణంపై కేంద్రం వేసిన రూపన్‌వాల్ కమిషన్ మాత్రం వ్యక్తిగత నిస్పృహ అని తేల్చింది.

ఆ మాటే తర్వాత వైద్యానికి కూడా దారి చూపింది: లోపం మనిషిలో ఉంది, కౌన్సెలింగ్‌కు పంపండి. కౌన్సెలర్ ‘ఒత్తిడి అందరికీ ఉంటుంది’ అంటే విద్యార్థి రెండోసారి రాడు. డిప్రెషన్ మందు పనిచేయడం మొదలవడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, అది ఆగిన ఫెలోషిప్‌ను ఇప్పించదు.

మొదటి సిట్టింగ్‌లోనే నిద్ర, ఆకలితోపాటు చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. ఫెలోషిప్ ఎన్ని నెలలు బాకీ, గైడ్ ఎప్పుడు కలిశాడు, మెస్‌లో ఎవరితో తింటున్నారు, ఇవీ అడగాలి. కులం బయటపెట్టే ఇంటిపేరు, ర్యాంకు ఆరా తీయకూడదు, గాయం తగిలింది అక్కడే. విద్యార్థి ఒప్పుకుంటే వర్సిటీలోని సమాన అవకాశాల విభాగానికి తేదీలతో లేఖ రాయాలి. అందులో జబ్బు పేరు రాయక్కర్లేదు, 2017 మానసిక ఆరోగ్య చట్టం గోప్యత హక్కు ఇచ్చింది.

ఇప్పటి వివాదంలో కొత్త నిబంధనల్లోని కుల వివక్ష నిర్వచనం ఏకపక్షమని, దుర్వినియోగం కావచ్చని అభ్యంతరం. కోర్టూ అస్పష్టత ఉందంది. కానీ కొత్త నిబంధనల్లో ఫిర్యాదు అందిన 24 గంటల్లో కమిటీ కూర్చోవాలి, 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. స్టే వల్ల మళ్లీ అమల్లోకి వచ్చిన 2012 నిబంధనల ప్రకారం గడువు 60 రోజులు. హాస్టల్ బయట పడుకున్నవాడికి ఆ తేడా చిన్నది కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ రాత్రయినా తెలుగులో ఫోన్ చేయొచ్చు, కాకపోతే గది తాళం తీయించే అధికారం దానికి లేదు.